లినక్స్ తొలిపాఠాల్లో తెలుగు: పదానువాదం నుంచి వాక్యబోధ వైపు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

లినక్స్ నిర్వహణ వ్యవస్థను తెలుగులోకి తెచ్చే ప్రయత్నం హైదరాబాదు కేంద్రంగా రెండు దశాబ్దాలుగా సాగుతోంది. ఈ కృషిలో ఎక్కువ భాగం మెనూలలోని పేర్లకు తెలుగు మాటలు సమకూర్చడంపై నిలిచింది. కొత్తగా నేర్చుకొనేవారు, సర్వర్ల నిర్వహణకు సిద్ధమయ్యేవారు ఇబ్బంది పడేది మాత్రం పేర్ల దగ్గర కంటే వాక్యాల దగ్గర, అంటే దోషసందేశాలు, హెచ్చరికలు, ఫలితాల వివరణల దగ్గర ఎక్కువ. స్థానికీకరణలో వాడుకైన కొన్ని పదాలను, వాక్యనిర్మాణాలను పరిశీలించి, ఒక సాంకేతికపదం మంచిచెడ్డలను నిర్ణయించడానికి ఉపయోగపడే ప్రమాణాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. తొలిపాఠంలోనూ సర్వర్ పాఠంలోనూ తెలుగు ఏ స్థానంలో ఉండాలో కూడా ఇందులో చర్చించాను.

కీలకపదాలు: లినక్స్, స్థానికీకరణ, స్వేచ్ఛ, సాంకేతిక పరిభాష, దోషసందేశం, యూనికోడ్, సర్వర్ నిర్వహణ, నాదర్‌గుల్.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదుకు ఆగ్నేయంగా, ఎల్.బి. నగర్ దాటిన తరువాత రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఊరు నాదర్‌గుల్. 1981లో ఏర్పడిన ఎం.వి.ఎస్.ఆర్. ఇంజనీరింగ్ కళాశాల ఇక్కడే ఉంది. ఇటువైపు దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రాలకూ వసతి గృహాలకూ పేరుపడ్డది. తెలుగు మాధ్యమంలో పది దాకా చదివి, ఇంజనీరింగ్‌లో ఒక్కసారిగా నల్లని టెర్మినల్ తెర ముందు కూర్చునే విద్యార్థినిని ఈ వ్యాసానికి ఉద్దిష్ట పాఠకురాలిగా భావిస్తున్నాను. ఆమె ఏ ఒక్క కళాశాలకో చెందిన వ్యక్తి కాదు. తెలుగులో రాసే ప్రతి లినక్స్ పాఠమూ దృష్టిలో పెట్టుకోవలసిన పాఠకురాలు ఆమె.

ఆమె తన ఊరి పేరుతో ఒక డైరెక్టరీ సృష్టించుకుందని అనుకుందాం. నాదర్‌గుల్ అనే మాటలో ‘ర్’ పొల్లుగా విడిగా నిలవాలంటే, దానికీ ‘గు’కూ మధ్య కంటికి కనిపించని ఒక సంకేతం ఉండాలి. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే రెండు అక్షరాలూ కలిసి ‘నాదర్గుల్’ అవుతుంది. మనిషికి రెండూ ఒకే ఊరు. లినక్స్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. మొదటిదానిలో 10 సంకేతాలు, రెండవదానిలో 9 సంకేతాలు ఉన్నాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. ఆ కనిపించని సంకేతానికీ 3 బైట్లే. కాబట్టి మొదటి పేరు 30 బైట్లు, రెండవ పేరు 27 బైట్లు. ఒక రూపంతో సృష్టించిన డైరెక్టరీని మరొక రూపంతో పిలిస్తే ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అనే సమాధానం వస్తుంది.

ఈ సమాధానాన్ని ‘అటువంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదు’ అని అనువదించినంత మాత్రాన ఆమె సమస్య తీరదు. డైరెక్టరీ ఎదురుగానే కనిపిస్తోంది కదా! ఎందుకు లేదంటోందో చెప్పే వాక్యం ఆమెకు కావాలి. లినక్స్ తెలుగు స్థానికీకరణ చేరుకున్న చోటుకూ ఇంకా చేరవలసిన చోటుకూ మధ్య దూరాన్ని ఈ చిన్న ఉదాహరణ చూపిస్తుంది.

ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇచ్చాను. టెర్మినల్‌లో వాటిని రోమన్ చిన్నబడి అక్షరాలతోనే టైపు చేయాలి.

2. పూర్వరంగం:

ఆధునిక శాస్త్రాన్ని తెలుగులో చెప్పాలనే సంకల్పం కొత్తది కాదు. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఆ పనిని ఒక ఉద్యమంగా చేపట్టింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాలతో పాటు పారిభాషిక పదకోశాలనూ తెచ్చింది. ఈ రెంటి మధ్య హైదరాబాదుకే ప్రత్యేకమైన మరో అనుభవం ఉంది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనామాధ్యమంగా స్వీకరించింది. అందుకోసం అంతకు ముందు ఏడాదే ఒక అనువాద విభాగం ఏర్పడి, శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెస్తూ వేలాది పదాలను కల్పించింది. 1948 తరువాత బోధన ఇంగ్లీషులోకి మారడంతో ఆ పదసంపదకు తరగతి గదిలో ఆధారం పోయింది. వాడే సందర్భం, వాడుతూ రాసిన వాక్యాలు కొనసాగకపోతే పదాలు ఎంత శ్రద్ధగా కల్పించినా నిలవవని ఈ అనుభవం చెబుతోంది.

యంత్రం మీద తెలుగు తొలి అడుగుల్లో కొన్ని ప్రవాసంలో పడ్డాయి. 1990లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు రూపొందించిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతి, రోమన్ మీటలతో తెలుగు రాసే మార్గాన్ని చూపింది. నేటి లినక్స్‌లో తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆ ఆర్‌టీఎస్ కూడా అందుబాటులో ఉంది. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఖతులు, రెడ్‌హ్యాట్ సంస్థ ద్వారా వచ్చిన లోహిత్ తెలుగు ఖతి స్వేచ్ఛా లైసెన్సులతో లభించడం వల్ల తెలుగు తెర మీదికి రావడం సులువైంది.

ఇక నిర్వహణ వ్యవస్థ సంగతి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ పథకం, 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్ కలిసి నేటి వ్యవస్థకు పునాది అయ్యాయి. 2005లో హైదరాబాదు నుంచి ‘స్వేచ్ఛ’ పేరుతో తెలుగు నిర్వహణ వ్యవస్థ వెలువడింది. దీనిని రూపొందించిన సంస్థ కూడా తరువాత ఆ పేరునే స్వీకరించింది. సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా తెలుగును చేర్చుకుంది. డెబియన్ స్థాపన ప్రక్రియను తెలుగులో నడిపించుకోవచ్చు. గ్నోమ్, కేడీఈ వంటి డెస్క్‌టాప్ వాతావరణాలకు స్వచ్ఛంద కార్యకర్తలు చేసిన తెలుగు అనువాదాలు ఉన్నాయి. వేతనం లేకుండా, రాత్రుళ్లు కూర్చుని వేల వాక్యాలను తెలుగులోకి మార్చినవారి శ్రమను గుర్తించకుండా ఈ విమర్శ చేయడం న్యాయం కాదు. ఆ శ్రమ ఉన్నందువల్లనే ఈ విమర్శకు అవకాశం కలిగింది.

3. నామానువాదం – గుణదోష పరిశీలన:

3.1. ఇంగ్లీషు కంటే స్పష్టమైన తెలుగు:

అనువాదం మూలాన్ని మించిన సందర్భాలను ముందు చూడాలి. ఇంగ్లీషులో ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ అన్నప్పుడు డబ్బు చెల్లించనక్కరలేదనే అర్థం ముందుకు వస్తుంది. వాడుకోవడానికి, లోపల ఎలా పనిచేస్తుందో చదవడానికి, మార్చడానికి, పంచుకోవడానికి ఉన్న హక్కులు వెనక్కి పోతాయి. ఆ భావాన్ని వివరించడానికి ఇంగ్లీషులో ప్రతిసారీ ఒక అదనపు వాక్యం కావాలి. తెలుగులో ‘ఉచితం’ వేరు, ‘స్వేచ్ఛ’ వేరు. కనుక ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్’ అన్న మాట తన వివరణను తనలోనే పెట్టుకుంది. పత్రికల్లో తరచుగా కనిపించే ‘ఉచిత సాఫ్ట్‌వేర్’ అనే ప్రయోగం, తెలుగుకు సహజంగా ఉన్న ఈ సౌలభ్యాన్ని వదులుకుంటోంది.

3.2. రెండు భావాలకు ఒకే మాట:

దీనికి విరుద్ధమైన ఉదాహరణలూ ఉన్నాయి. ‘డౌన్‌లోడ్’కు ‘దిగుమతి’ అనే మాట వాడుకలోకి వచ్చింది. వాణిజ్యరంగంలో ‘ఇంపోర్ట్’కు కూడా ‘దిగుమతి’ అనే అంటాం. చాలా అనువర్తనాల్లో డౌన్‌లోడ్, ఇంపోర్ట్ రెండూ వేర్వేరు పనులు. ఒకటి నెట్‌వర్క్ నుంచి తెచ్చుకోవడం, రెండవది ఇప్పటికే ఉన్న ఫైలును అనువర్తనంలోకి చేర్చుకోవడం. రెండింటికీ ఒకే మాట పెడితే పాఠకురాలు ఊహించి నొక్కవలసిందే. ‘దింపుకోలు’ అనే మాట ఈ ఇబ్బందిని తప్పిస్తుంది.

ఇంతకంటే ప్రమాదకరమైనది ‘నవీకరణ’. డెబియన్, ఉబుంటు వ్యవస్థల్లో ‘ఆప్ట్ అప్‌డేట్’, ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ అనే రెండు ఆదేశాలున్నాయి. మొదటిది ఏయే ప్యాకేజీల్లో ఏయే కొత్త రూపాలు వచ్చాయో తెలిపే జాబితాను మాత్రమే తెస్తుంది. యంత్రంలోని సాఫ్ట్‌వేర్‌ను అది మార్చదు. రెండవది ఆ జాబితాను బట్టి కొత్త రూపాలను తెచ్చి స్థాపిస్తుంది. రెండింటినీ ‘నవీకరించు’ అని అనువదిస్తే, మొదటి ఆదేశం ఇచ్చి యంత్రం సురక్షితమైందని భ్రమించే ప్రమాదం ఉంది. కిరాణా కొట్టు నుంచి సరుకుల ధరలపట్టిక తెచ్చుకోవడం ఒకటి, సరుకు తెచ్చి డబ్బాల్లో నింపుకోవడం మరొకటి. ఈ ఒక్క పోలిక చెప్పి, ఆదేశాల పేర్లను ఉన్నవి ఉన్నట్లు ఉంచితే భ్రమకు తావుండదు.

3.3. ఒకే మాటకు అనేక అర్థాలు:

‘రూట్’ అనే మాట మూలంలోనే మూడు చోట్ల మూడు అర్థాలిస్తుంది. సర్వాధికారాలున్న వాడుకరి పేరు రూట్. ఏటవాలు గీతతో సూచించే డైరెక్టరీల మొదటి మెట్టు కూడా రూట్. ఆ వాడుకరి సొంత ఫైళ్లుండే డైరెక్టరీ పేరూ రూటే. దీనిని ‘మూలం’ అంటే ‘సోర్స్ కోడ్’కు వాడే ‘మూలసంకేతం’తో కలిసి నాలుగో గందరగోళం ఏర్పడుతుంది. ‘వేరు’ అంటే వాడుకరి విషయంలో అర్థమే లేదు. ఇక్కడ మాటను అలాగే ఉంచి, మూడు అర్థాలను విడదీసి చెప్పడమే మేలు. డైరెక్టరీల అమరికను వివరించడానికి మనకు బయటి పోలిక అక్కరలేదు. వేళ్లు పైన, కొమ్మలు కింద ఉన్న అశ్వత్థవృక్షం భగవద్గీత ద్వారా తెలుగు పాఠకులకు సుపరిచితం. లినక్స్ డైరెక్టరీ వృక్షం సరిగ్గా అలా తలకిందులుగా ఉంటుంది.

3.4. దేశీయత ప్రశ్న:

‘ఫైలు’కు బదులు ‘దస్త్రం’ వాడాలనేవారు దేశీయతను కారణంగా చూపుతారు. దస్త్రం కూడా పరిపాలన ద్వారా పారసీ, హిందుస్తానీల నుంచి వచ్చి తెలుగైన మాటే. నూటికి తొంభై మంది నోట నలిగిన ‘ఫైలు’ను, అచ్చు చివర చేర్చుకుని బహువచనంలో ‘ఫైళ్లు’ అయిన మాటను, పరాయిదని వెళ్లగొట్టడానికి భాషాశాస్త్ర పరమైన కారణం కనిపించదు.

దీనికి సమంజసమైన ప్రతివాదం ఒకటుంది. కొత్త మాటలు కల్పించకపోతే భాష ఎదగదు. నేడు సహజంగా వినిపించే ‘అంతర్జాలం’ కూడా ఒకప్పుడు కృతకంగా తోచినదే అన్నది ఆ వాదం. ఇది నిజమే. ‘అంతర్జాలం’, ‘సంకేతపదం’, ‘అమరికలు’ వంటివి పాఠకులను తప్పుదారి పట్టించకుండానే నిలబడ్డాయి. కాబట్టి పదం దేశ్యమా, అన్యదేశ్యమా అన్నది ఇక్కడ ప్రమాణం కాలేదు. పదాన్ని విన్న కొత్తవారు తరువాత ఏం జరుగుతుందో సరిగా ఊహించగలిగితే అది మంచి పదం. తప్పుగా ఊహిస్తే అది ఎంత అందమైనదైనా పనికిరాదు. ఈ వ్యాసం ప్రతిపాదించే ప్రమాణం ఇదే.

ఈ ప్రమాణంతో ‘తొలగించు’ను చూద్దాం. డెస్క్‌టాప్‌లో ఫైలును తొలగిస్తే సాధారణంగా అది చెత్తబుట్టలోకి వెళ్తుంది. పొరపాటైతే తిరిగి తెచ్చుకోవచ్చు. టెర్మినల్‌లో ‘ఆర్‌ఎం’ ఆదేశానికి చెత్తబుట్ట లేదు. రెండు చోట్లా ‘తొలగించు’ అని రాసే పాఠం, రెండవ చోట పాఠకురాలికి అన్యాయం చేస్తోంది. ‘ఎంవీ’ని ‘తరలించు’ అని మాత్రమే చెబితే అది పేరు మార్చడానికి కూడా ఉపయోగపడుతుందన్నది తెలియదు. అదే పేరుతో వేరే ఫైలు అక్కడ ముందే ఉంటే, మామూలుగా అడగకుండానే దానిని చెరిపి ఆ స్థానంలోకి వస్తుందన్న ముఖ్యవిషయం అసలే తెలియదు. ‘ఐ’ అనే ఐచ్ఛికాన్ని జోడిస్తే ముందుగా అడుగుతుంది. ఇది పదం మోయలేని బరువు. దీనికి వాక్యం కావాలి.

4. వాక్యానువాదం – వ్యాకరణ సమస్యలు:

4.1. కర్మణి ప్రయోగం:

ఇంగ్లీషు సందేశాల అనువాదాల్లో తరచుగా కనిపించే రూపం ‘-బడింది’. ‘అనుమతి నిరాకరించబడింది’, ‘ఫైలు తొలగించబడింది’ వంటివి ఇందుకు ఉదాహరణలు. కర్మణి ప్రయోగం తెలుగు మాటతీరుకు సహజం కాదని వ్యాకర్తలు చెబుతూనే ఉన్నారు. జీవభాషను పాఠ్యపుస్తకాల్లోకి తేవాలని పోరాడిన గిడుగు వేంకట రామమూర్తి బాటలో నడుస్తున్నామని చెప్పుకొనే మనం, తెర మీద మాత్రం ఎవరూ మాట్లాడని వాక్యాన్ని అంగీకరిస్తున్నాం. ఇది శైలికి సంబంధించిన లోపం మాత్రమే అయితే సర్దుకోవచ్చు. కర్త లేని వాక్యం సమాచారాన్ని దాస్తోంది. ఎవరు నిరాకరించారు? దేనికి నిరాకరించారు? ‘ఈ ఫైలులో రాసే అనుమతి మీకు లేదు’ అంటే పాఠకురాలికి దారి కనిపిస్తుంది.

అయితే తప్పంతా అనువాదకులది కాదు. లినక్స్ అనువర్తనాల్లో సందేశాలు ఒక పెద్ద జాబితాగా, సందర్భం లేకుండా అనువాదకుల చేతికి వస్తాయి. ‘పర్మిషన్ డినైడ్’ అనేది చదవబోయినా, రాయబోయినా, డైరెక్టరీలోకి ప్రవేశించబోయినా వచ్చే ఒకే సందేశం. అందులో లేని వివరాన్ని అనువాదకులు చేర్చలేరు. ఆ వివరం చెప్పవలసింది పాఠం రాసేవారు.

4.2. విభక్తి సమస్య:

సందేశాల్లో ఫైలు పేరు రావలసిన చోట ఖాళీ వదిలి, అనువర్తనం నడిచేటప్పుడు దానిని నింపుతారు. ఇంగ్లీషులో విభక్తి పని చేసే మాటలు పేరుకు ముందు విడిగా ఉంటాయి కనుక ఏ పేరు వచ్చినా వాక్యం చెడదు. తెలుగులో విభక్తి పేరుకు వెనుక అంటుకుంటుంది. పైగా పేరు చివరి అచ్చును బట్టి రూపం మారుతుంది. ‘పద్దు’ అనే ఫైలైతే పద్దును, పద్దుకు అంటాం. ‘చిట్టి’ అనే ఫైలైతే చిట్టిని, చిట్టికి అంటాం. ఏ పేరు వస్తుందో తెలియని అనువాదకులు ‘ను’ పెట్టాలా, ‘ని’ పెట్టాలా? ఖాళీ తరువాత ‘అనే ఫైలును’ అని చేర్చితే ఈ చిక్కు విడిపోతుంది. విభక్తి ఎప్పుడూ ‘ఫైలు’ అనే స్థిరమైన మాటకే తగులుతుంది. ఒక చిన్న సంబంధబోధక పదం యంత్రానికీ వ్యాకరణానికీ సంధి కుదర్చడం గమనార్హం. స్థానికీకరణ మార్గదర్శకాల్లో పదపట్టికలతో పాటు ఇటువంటి వాక్యసూత్రాలు కూడా ఉండాలి.

5. తొలిపాఠం స్వరూపం:

లినక్స్ తొలిపాఠాలు సాధారణంగా ఆదేశాల పట్టికతో మొదలవుతాయి. ముప్పయి ఆదేశాలు, ఒక్కొక్కదానికి ఒక పంక్తి అర్థం. బట్టీ పట్టడానికి అనుకూలమైన ఈ పద్ధతిలో పాఠకురాలికి ఆదేశం పనిచేసినప్పుడు ఏం జరుగుతుందో తెలుస్తుంది. పనిచేయనప్పుడు ఏం చేయాలో తెలియదు. నేర్చుకొనేవారు ఎక్కువ సేపు గడిపేది ఆ రెండవ స్థితిలోనే. మొదటి వారంలో ఎదురయ్యే మూడు దోషసందేశాల చుట్టూ పాఠాన్ని అల్లడం మేలని నా అభిప్రాయం.

మొదటిది ‘కమాండ్ నాట్ ఫౌండ్’. దీనికి కారణాలు ముఖ్యంగా మూడు. మాటలో అక్షరదోషం ఉండవచ్చు. ఆ అనువర్తనం స్థాపించి ఉండకపోవచ్చు. స్థాపించినా షెల్ వెతికే దారుల్లో అది లేకపోవచ్చు. అక్షరదోషంలో తెలుగు విద్యార్థికి ప్రత్యేకమైన అంశం ఒకటుంది. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి భేదం లేదు. లినక్స్‌లో ఆ భేదం పేరునే మార్చేస్తుంది. ఇంగ్లీషులో రాసిన పాఠాలు దీనిని ఒక పంక్తిలో దాటేస్తాయి. తెలుగు పాఠం ఇక్కడ ఆగి చెప్పాలి.

రెండవది ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’. ఇది వచ్చినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ‘నేనిప్పుడు ఎక్కడున్నాను?’ అన్నది. ‘పీడబ్ల్యూడీ’ దానికి సమాధానం చెబుతుంది. ‘ఎల్‌ఎస్’ చుట్టూ ఏమున్నాయో చూపిస్తుంది. ఏటవాలు గీతతో మొదలైన దారి ఊరి పొలిమేర నుంచి చెప్పిన చిరునామా వంటిది. గీత లేకుండా మొదలైనది మనం నిలబడ్డ చోటు నుంచి ‘రెండిళ్లు దాటాక’ అని చెప్పే గుర్తు వంటిది. నిలబడ్డ చోటు మారితే రెండవది తప్పుతుంది. పేరులో ఖాళీ ఉంటే షెల్ దానిని రెండు పేర్లుగా తీసుకుంటుందనీ, తెలుగు పేర్లలో కనిపించని సంకేతాలుంటాయనీ కూడా ఇక్కడే చెప్పాలి. టైపు చేయకుండా మొదటి ఒకటి రెండు అక్షరాలిచ్చి ట్యాబ్ మీట నొక్కితే షెల్ మిగిలిన పేరును తానే పూరిస్తుంది. నాదర్‌గుల్ చిక్కుకు ఇదే సులభమైన పరిష్కారం.

మూడవది ‘పర్మిషన్ డినైడ్’. దీని దగ్గరే దురలవాటు మొదలవుతుంది. ముందు ‘సుడో’ చేర్చితే పని జరిగిపోతుంది. లేదా ‘సీహెచ్‌మోడ్ 777’ ఇస్తే ఇక అడ్డు ఉండదు. ఈ రెండు చిట్కాలు విద్యార్థుల మధ్య చేతులు మారుతూనే ఉంటాయి. అంకెల అర్థం తెలిస్తే ఎవరూ ఆ పని తేలికగా చేయరు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మొదటి అంకె యజమానిది, రెండవది సమూహానిది, మూడవది మిగిలిన అందరిది. 644 అంటే యజమాని చదివి రాయగలరు, మిగిలినవారు చదవగలరు. 777 అంటే ఆ యంత్రంలోని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, నడపవచ్చు. డైరెక్టరీ విషయంలో మూడవ అనుమతిని ‘అమలు’ అని అనువదించడం మళ్లీ తప్పుదారి పట్టిస్తుంది. అది గడప దాటి లోపలికి అడుగుపెట్టే అనుమతి. చదివే అనుమతి ఉండి ఇది లేకపోతే, కిటికీలోంచి వస్తువుల పేర్లు కనిపిస్తాయి కానీ ఏ ఒక్కదానినీ తెరవలేం.

ఈ మూడింటి కంటే ముందు చెప్పవలసిన ఆచరణాత్మక విషయాలు కొద్దిగానే ఉన్నాయి. కొత్తవారు ఉబుంటు దీర్ఘకాల మద్దతు రూపాన్ని గానీ, డెబియన్ స్థిర రూపాన్ని గానీ ఎంచుకోవడం మంచిది. స్థాపించకముందే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, వైఫై, ధ్వని, ముద్రణ యంత్రం పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. ఉన్న సమాచారానికి వేరొక చోట నకలు తీసుకోకుండా డిస్కును విభజించకూడదు.

6. సర్వర్ పాఠంలో తెలుగు స్థానం:

6.1. సందేశ భాష, సమాచార లిపి:

తెలుగు డెస్క్‌టాప్ నుంచి సర్వర్‌కు వెళ్లినప్పుడు పరిస్థితి మారుతుంది. లినక్స్ మూల కన్సోల్ ఖతిలో గరిష్ఠంగా 512 ఆకృతులే ఇముడుతాయి. గుణింతాలను, వత్తులను కూర్చే ఏర్పాటు దానికి లేదు. గడుల వారీగా అక్షరాలను పేర్చే టెర్మినల్ కిటికీల్లోనూ తెలుగు సంయుక్తాక్షరాలు తరచుగా చెదిరిపోతాయి. డెబియన్ స్థాపన తెలుగులో చిత్రరూప పద్ధతిలో మాత్రమే సాధ్యం కావడానికి కారణం ఇదే. సర్వర్‌కు తెర ఉండదు. దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా పలకరించాలి. కాబట్టి సర్వర్ సందేశాలను తెలుగులోకి మార్చాలనే పట్టుదల ఆచరణలో మేలు చేయదు. పైగా దోషసందేశాన్ని వెతికి పరిష్కారం కనుక్కోవాలంటే దాని ఇంగ్లీషు పాఠమే ఆధారం.

అయితే దీనిని బట్టి సర్వర్‌లో తెలుగుకు చోటు లేదని తీర్మానించడం పొరపాటు. లినక్స్ భాషను ఒకే అమరికగా చూడదు. సందేశాలు ఏ భాషలో రావాలో చెప్పేది ఒక అమరిక, అక్షరాలను ఎలా గుర్తించాలో చెప్పేది మరొకటి, అకారాదిక్రమాన్ని నిర్ణయించేది ఇంకొకటి. సందేశాలను ఇంగ్లీషులో ఉంచి, సమాచారాన్ని యూటీఎఫ్-8 తెలుగులో ఉంచుకోవచ్చు. తెలుగు పత్రికను గానీ, గ్రంథాలయ పట్టికను గానీ సర్వర్‌పై నడిపేవారికి ఈ విభజన ఎంతో ముఖ్యం. కేవలం బైట్ల విలువల ప్రకారం క్రమం పెడితే ‘ళ’ అక్షరం ‘వ’ కంటే ముందు, ‘ఱ’ అక్షరం ‘ర’ వెంటనే వస్తాయి. యూనికోడ్ పట్టికలో వాటి స్థానాలు అవి. మన వర్ణమాలలో ‘ళ’ స్థానం ‘హ’ తరువాత. నిఘంటువు వంటి పనిలో ఈ తేడాను గమనించకపోతే పదాలు తప్పు చోట చేరతాయి. అలాగే ఫైలు పేరుకు సాధారణంగా ఉన్న 255 బైట్ల పరిమితి రోమన్ లిపికి 255 అక్షరాలు, తెలుగుకు 85 సంకేతాలు మాత్రమే. వ్యాసశీర్షికలనే ఫైలు పేర్లుగా పెట్టుకునేవారు త్వరలోనే ఈ గోడకు తగులుతారు.

6.2. వివరణ భాషగా తెలుగు:

సర్వర్ పాఠంలో తెలుగు నిజంగా రాణించే చోటు వివరణ. ఎస్‌ఎస్‌హెచ్‌లో ‘పబ్లిక్ కీ’, ‘ప్రైవేట్ కీ’ అనే జంట కొత్తవారిని తికమక పెడుతుంది. ‘బహిరంగ తాళంచెవి’ అంటే మరింత వింతగా ఉంటుంది; తాళంచెవిని ఎవరైనా బహిరంగపరుస్తారా? తెలుగులో తాళంకప్ప, తాళంచెవి అని రెండు మాటలున్నాయి. సర్వర్ తలుపుకు వేసి వచ్చేది తాళంకప్ప. దానిని ఎవరు చూసినా నష్టం లేదు. మన దగ్గరే ఉండవలసినది తాళంచెవి. దానిని ఎవరికీ పంపకూడదు, సర్వర్‌పైకి ఎక్కించకూడదు. పోలిక పూర్తిగా సరిపోకపోయినా, ఏది ఎవరి దగ్గర ఉండాలన్న విషయంలో ఇంగ్లీషు మాటలకంటే ఇది సూటిగా దారి చూపుతుంది. తాళంచెవి ఫైలుకు 600 అనుమతి ఎందుకో కూడా దీనితో తేలికగా అర్థమవుతుంది.

పనుల వరుస కూడా వాక్యంలోనే చెప్పగలిగేది. రక్షణగోడను ప్రారంభించే ముందు ఎస్‌ఎస్‌హెచ్‌కు అనుమతి ఇవ్వాలి. వరుస తిరగబడితే నిర్వాహకులే బయట ఉండిపోతారు. సంకేతపదంతో ప్రవేశాన్ని నిలిపివేసే ముందు, తాళంచెవితో ప్రవేశం కుదురుతోందని వేరొక కిటికీలో పరీక్షించాలి. అప్పటిదాకా మొదటి కిటికీని మూయకూడదు. రోజువారీ పనిని రూట్‌గా చేయకుండా, మామూలు వాడుకరిగా ఉంటూ అవసరమైన ఆదేశానికి మాత్రమే సుడో వాడాలి. చిక్కు వచ్చినప్పుడు ‘జర్నల్‌సీటీఎల్’ చూపే నమోదుల్లో చివరి పంక్తి దగ్గర ఆగకుండా, మొదటి దోషం ఎక్కడ వచ్చిందో వెనక్కి వెళ్లి వెతకాలి. సర్వర్ గడియారం తరచుగా యూటీసీలో ఉంటుంది. మన రాత్రి 9:30 గంటలకు జరిగినది అక్కడ 16:00 గంటలకు నమోదవుతుంది. 5:30 గంటల ఈ తేడా తెలియనివారు తప్పు సమయంలోని పంక్తులను చదువుతూ కూర్చుంటారు.

ఈ వివరాలేవీ పదకోశంలో దొరికేవి కావు. వీటిలో నామవాచకాలు చాలా వరకు ఇంగ్లీషువే. అయినా ‘ముందు’, ‘తరువాత’, ‘లేకపోతే’, ‘అప్పటిదాకా’ అనే తెలుగు మాటలే ఇక్కడ సర్వర్‌ను కాపాడుతున్నాయి.

7. ముగింపు:

నాదర్‌గుల్ విద్యార్థినికి తొలి దోషసందేశం ఎదురైనప్పుడు, తనకు ఇంగ్లీషు సరిగా రాకపోవడమే కారణమని ఆమె అనుకునే ప్రమాదం ఉంది. నిజానికి ‘పర్మిషన్ డినైడ్’ అనే మాట ఇంగ్లీషు బాగా వచ్చినవారికి కూడా కారణం చెప్పదు. ఆ సంగతి ఆమెకు తన భాషలో చెప్పేవారు లేకపోతే, అర్థం కాని చిట్కాలను నమ్ముకొని ఉద్యోగంలో చేరుతుంది. ఆసుపత్రి రోగుల వివరాలో, పరీక్షల ఫలితాలో ఉన్న సర్వర్‌పై రేపు ‘777’ టైపు చేసేది ఆ చేయే. తొలిపాఠం భాష విద్యార్థిని ఆత్మవిశ్వాసంతో మొదలై, ఇతరుల సమాచార భద్రత దాకా వెళ్తుంది.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. సాంకేతికపదాన్ని దాని పుట్టుకను బట్టి కాకుండా, అది కలిగించే ఊహ సరైనదా కాదా అన్నదానిని బట్టి స్వీకరించాలి. ‘స్వేచ్ఛ’ ఈ పరీక్షలో నెగ్గింది. రెండు వేర్వేరు పనులకు వాడిన ‘నవీకరణ’, ‘దిగుమతి’ నెగ్గలేదు.

2. సందేశాల అనువాదంలో కర్మణి ప్రయోగాన్ని తగ్గించాలి. మారే పేర్ల తరువాత ‘అనే ఫైలును’ వంటి స్థిరమైన విభక్తి ఆధారాన్ని చేర్చాలి.

3. తొలిపాఠాన్ని ఆదేశాల పట్టికతో కాక, మొదట ఎదురయ్యే దోషసందేశాలతో నిర్మించాలి.

4. సర్వర్‌లో సందేశాలు ఇంగ్లీషులో, సమాచారం తెలుగులో, వివరణ తెలుగులో ఉండటం ఆచరణయోగ్యం. లినక్స్ అమరికలే ఈ విభజనకు వీలు కల్పిస్తున్నాయి.

స్థానికీకరణ కార్యకర్తలు మెనూలను తెలుగు చేసి తలుపు తెరిచారు. లోపలికి వచ్చినవారికి గదులు చూపించే వాక్యాలు రాయవలసిన బాధ్యత ఇక తెలుగు అధ్యాపకులది, సాంకేతిక రచయితలది. ఈ రెండు వర్గాలూ కలిసి కూర్చుని ఒక్కొక్క దోషసందేశానికి ఒక్కొక్క పేరా వివరణ రాయడం మొదలుపెట్టినా, నాదర్‌గుల్ విద్యార్థినికి అవసరమైన పుస్తకం క్రమంగా తయారవుతుంది.